ఆటపెట్టె అమ్మి కంప్యూటరు కొనుట

వస్తువును కొనుట యెల్లవారికిని తెలిసిన పనియే. చేత ధనమున్న చాలును, మిగిలిన పనియంతయు దుకాణమువారే చేసిపెట్టుదురు. వాడిన వస్తువును అమ్ముట యట్టిది కాదు. అమ్మదలచినవాడు తన వస్తువును మరల మొదటినుండి చూచుకొనవలెను. దాని గుణమును, దోషమును, వెలను, తనకు దానితోగల సంబంధమును లెక్కించుకొనవలెను. ఇందు గణితమును కలదు, నీతియు కలదు. కావుననే 2025వ సంవత్సరపు వేసవిలో మా యింట వీడియోగేము సామగ్రిని అమ్మి కంప్యూటరు కొనిన వృత్తాంతమును మన పాఠశాల పత్రికకు వ్రాయుచున్నాము. తల్లిదండ్రుల సమావేశములయందు “మా పిల్లవాని ఆటపెట్టెను ఏమి చేయుదుము?” అని మమ్ము అడిగినవారు పలువురు కలరు. వారికి నోటిమాటగా చెప్పినదానినే యిచట కొంత విపులముగా విన్నవించుచున్నాము.

మా కుమారుడు ఆ సంవత్సరము ఇంటర్మీడియెటు పరీక్షయందు ఉత్తీర్ణుడై, కంప్యూటరుశాస్త్రము ప్రధానవిషయముగాగల బి.ఎస్‌సీ. తరగతిలో చేరుటకు నిశ్చయించుకొనెను. కంప్యూటరు లేక ఆ చదువు చదువుట పలక లేక ఓనమాలు దిద్దుటవంటిది. మా యింట 2014లో కొనిన ల్యాప్‌టాపు ఒకటి యుండెను. దాని తెర సగము నల్లబడెను. లోని బ్యాటరీ ఉబ్బిపోగా తీయించివేసితిమి. దానియందలి విండోస్ 10కు 2025 అక్టోబరు 14వ తేదీతో సాధారణ భద్రతా సవరణలు నిలిచిపోవునని మైక్రోసాఫ్టువారు ముందుగనే ప్రకటించియుండిరి. తరువాతిదగు విండోస్ 11, టి.పి.ఎం. 2.0 అను భద్రతా సదుపాయమును, ఇటీవలి ప్రాసెసరును కోరును గనుక మా పాతయంత్రమునకు అది యెక్కదు.

క్రొత్త ల్యాప్‌టాపునకు మేము విచారించిన వెల 42,000 రూపాయలు. మేము కూడబెట్టినది 12,000 రూపాయలు. ఉపాధ్యాయుని జీతముపై గడచు గృహమునకు జూను మాసమనగా నేమో చదువరులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఫీజులు, పుస్తకములు, ఏకరూప దుస్తులు, బస్సు పాసులు అన్నియు ఒక్క పక్షములోనే వచ్చి గుమ్మముకడ నిలుచును. వాయిదాలపై కొనవచ్చునని దుకాణములవారు చెప్పిరి గాని ఋణము మాకు రుచింపలేదు. ఒకనాటి రాత్రి భోజనమైన తరువాత మా కుమారుడే “నాన్నగారూ, మన ప్లేస్టేషను అమ్మివేయుదము” అనెను.

ఆ మాట వినగానే మాకు సంతోషము కలిగినదని కొందరు తలంతురేమో. ఆటపెట్టె చెడ్డది, కంప్యూటరు మంచిది, చెడ్డదాని నమ్మి మంచిదానిని తెచ్చుకొనుట సులభమైన పుణ్యమని లోకము తలచును. మేము అట్లు తలంపము. ఆ ప్లేస్టేషన్ 4ను మేము 2019 డిసెంబరులో కొంటిమి. మూడు నెలలకే కోవిడు వచ్చినది. 2020 మార్చిలో పాఠశాలలు మూతపడెను. వీథిలో బంతియాట లేదు, చుట్టములు లేరు, ఆదివారపు కూడిక లేదు. ఆ దినములలో ఆ పెట్టె మా పిల్లలకు మైదానమైనది. అన్నయు చెల్లెలును తమ వంతులకై పోట్లాడుకొనిరి, రాజీపడిరి, ఓడిపోవుట నేర్చుకొనిరి. ఓటమిని నవ్వుతో సహించుట పాఠ్యపుస్తకమున నేర్పరాని విద్య. కావున ఆ పెట్టెకు మేము కృతజ్ఞులమే.

మా బాల్యమునందును ఈ యాటలు లేకపోలేదు. మేము ఉన్నత పాఠశాలలో చదువుచున్న దినములలో, అనగా 1990ల నడుమ, వేసవి సెలవులలో గంటకింతయని పైకము పుచ్చుకొని వీడియోగేములు ఆడనిచ్చు చిన్న దుకాణములు పట్టణములయందు వెలసెను. జపానునందు నింటెండో సంస్థ 1983లో వెలువరించిన ఫ్యామికాము అను యంత్రమునకు అనుకరణములు మన దేశపు బజారులకు వచ్చినవి. టెలివిజనుకు తగిలించి మారియో, కాంట్రా ఆటలు ఆడుచుంటిమి. క్యాసెట్టుపై 9,99,999 ఆటలని ముద్రించియుండును, తెరచి చూడగా ఉన్నవి పదియో ఇరువదియో. మిగిలిన సంఖ్యలన్నియు వానినే మరల మరల చూపును. పైన వ్రాసిన సంఖ్యను నమ్మరాదను గణితపాఠమును మేము అచటనే నేర్చితిమి.

ఈ యంత్రముల పుట్టుక తెలిసికొనుట విద్యార్థులకు ప్రయోజనకరము. ఇంటియందు టెలివిజనుకు తగిలించుకొని ఆడు మొదటి వీడియోగేము యంత్రము, మాగ్నవాక్సు సంస్థ 1972లో అమెరికాయందు అమ్మిన ఒడిస్సీ. దానిని రూపొందించినవాడు రాల్ఫ్ బేర్ అను ఇంజనీరు. అందు ప్రాసెసరు లేదు. ట్రాన్సిస్టర్లును డయోడ్లును కలిపిన వలయములు తెరపై వెలుగుచుక్కలను కదల్చుచుండెను, అంతియే. కావున అది కంప్యూటరు కాదు. మా ప్లేస్టేషన్ 4 సంగతి వేరు. దానియందు ఎనిమిది కోరుల ఏ.ఎం.డీ. ప్రాసెసరును, 8 జీబీల మెమొరీయును కలవు. ఆ ప్రాసెసరు సాధారణ కంప్యూటర్లలో నుండు జాతిదే. అనగా మేము అమ్మదలచినదియు కంప్యూటరే, కొనదలచినదియు కంప్యూటరే. “అట్లయినచో ఎందుకు మార్చుట?” అని మా కుమార్తె అడిగెను. అప్పుడామె తొమ్మిదవ తరగతిలో చేరబోవుచుండెను. ఈ వ్యాసమునకు ఆ ప్రశ్నయే మూలము.

దానికి ఉత్తర మిది. ఆటపెట్టె యితరులు వ్రాసినదానిని మనకు చదివి చూపును. మనలను వ్రాయనీయదు. మనకు ప్రోగ్రాము వ్రాయుటకు అందు చోటు లేదు, తాళము వేసియుండును. సోనీవారు 1997లో నెట్ యరోజె అను పేర ఔత్సాహికులు స్వయముగా ఆటలు వ్రాసికొనుటకు తగిన ప్లేస్టేషనును పాశ్చాత్యదేశములలో అమ్మిరి. ప్లేస్టేషన్ 3లో మొదట లినక్సును నిలుపుకొనుటకు వీలుండెను. అమెరికా వాయుసేన పరిశోధనశాలవారు 1,700కు పైగా ప్లేస్టేషన్ 3 పెట్టెలను కూర్చి 2010లో ఒక మహాగణనయంత్రమునే నిర్మించిరి. ఆ సంవత్సరము ఏప్రిలులోనే సోనీవారు భద్రతాకారణము చెప్పి ఒక సవరణచే లినక్సు సదుపాయమును తొలగించిరి. పెట్టెలో శక్తి లేక కాదు, అనుమతి లేకయే అది ఆటపెట్టెగా నున్నది. కంప్యూటరు అట్లు కాదు. అది చదువనిచ్చును, వ్రాయనిచ్చును, చెరుపనిచ్చును. పుస్తకమునకును పలకకును గల భేదమువంటిది వీని భేదము.

ఈ మాట మా కుమార్తెకు వెంటనే అర్థమైనది. అందుకు కారణము కలదు. ఆమె ఆ పెట్టెలో మైన్‌క్రాఫ్టు అను ఆటయందు నాలుగేండ్లుగా ఒక గ్రామమును కట్టుచుండెను. ఆ యాటలో లోకమంతయు ఒక్కొక్క మీటరు ఘనములతో నిర్మితమైయుండును. త్రవ్వవచ్చును, పేర్చవచ్చును. ఆమె గ్రామమున చెరువును, దాని కట్టయు, రెండు వరుసల ఇండ్లును, గంటగోపురముగల ప్రార్థనామందిరమును, మా అమ్మమ్మగారి యూరి గిలకబావియు నుండెను. ఆ బావిని మా పిల్లలు చూచి యెరుగరు. మేము చెప్పగా విని ఆమె కట్టినది. పెట్టె అమ్ముడుపోయినచో ఆ గ్రామమునకు ఏమి గతి?

మేము విచారించితిమి. ప్లేస్టేషన్ 4లో దాచిన ఆటను యు.ఎస్.బీ. కడ్డీలోనికి నకలు తీయవచ్చును. కాని ఆ నకలు అదే ఖాతాతో అట్టి పెట్టెయందే తెరచుకొనును. సాధారణ కంప్యూటరులో వేసినచో అది పనికిరాని మూట. నాలుగేండ్ల శ్రమ తనదే అయినను, ఆ మూటకు తాళపుచెవి తనయొద్ద లేదని ఆమెకు ఆనాడు తెలిసెను. అమ్మకమునకు అన్న తొందరపడుచుండెను. “ఆ పెట్టె ఇద్దరికిని కొనితిరి గదా, సగము నాది” అని చెల్లెలు పలికెను. ఆమె మాట న్యాయమైనది. ఇంటిలోని వస్తువును అమ్మునప్పుడు పెద్దలు ధరను విచారింతురు గాని చిన్నవారి భాగమును విచారింపరు. మా భార్యయు మేమును కూర్చుండి రెండు షరతులు నిర్ణయించితిమి. కుమార్తె సమ్మతించువరకు పెట్టె కదలరాదు. రాబోవు కంప్యూటరు కుమారునిది గాక ఇద్దరిదియునై యుండవలెను.

ఆమె మూడువారముల గడువు కోరెను. గడులుగల లెక్కల నోటుపుస్తకమును తెచ్చుకొని, ఒక గడి యొక ఘనముగా లెక్కించి, గ్రామమంతటిని పటములుగా వ్రాసెను. ప్రతి యింటికిని నేలపటము, ఎత్తుపటము. గోపురమునకు అంతస్తునకొక పుట. చెరువుకు లోతుల పట్టిక. మొత్తము 38 పుటలైనవి. మన పాఠశాలలో చిత్తరువును గళ్లతో పెద్దదిగా చేయుట నేర్పుదుము గదా, ఆమె చేసినది ఆ పనియే. చివరి పుట వ్రాసిన సాయంకాలము ఆమె ఆ గ్రామమున ఒంటరిగా చాలసేపు తిరిగి, పెట్టెను తానే ఆపెను. “ఇక అమ్మవచ్చును” అని మాత్రము చెప్పెను. మేమును ఏమియు మాటలాడలేదు.

ఇక అమ్మకపు పని. మొదట పట్టిక వ్రాసితిమి: పెట్టె, దాని తీగలు, కంట్రోలర్లు రెండు, చెవులకు తగిలించుకొను హెడ్‌సెట్టు ఒకటి, డిస్కులు పదునొకండు. వీనిలో డిస్కుల విషయము గమనింపదగినది. మా పెట్టెలో ఇంటర్నెటు ద్వారా కొని దింపుకొనిన ఆటలును కొన్ని యుండెను. వానికి డిస్కులవలెనే పైకము చెల్లించితిమి. కాని వానిని అమ్ముటకు వీలులేదు. అవి ఖాతాకు కట్టుబడియుండును. డిస్కు చేతి వస్తువు గనుక చేయిమారగలదు.

ఈ హక్కు ఊరక వచ్చినది కాదు. ఒక గ్రంథమును డాలరుకు తక్కువగా అమ్మరాదని ప్రకాశకులు దానిపై ముద్రించగా, ఒక దుకాణమువారు 89 సెంట్లకు అమ్మిరి. వ్యాజ్యము అమెరికా సుప్రీంకోర్టునకు పోయెను. ఒకమారు అమ్మిన ప్రతిని కొనినవారు మరల ఏ వెలకు అమ్ముదురో శాసించు అధికారము గ్రంథస్వామ్యమునకు లేదని ఆ న్యాయస్థానము 1908లో తీర్పు చెప్పెను. నూరేండ్లకు పైబడిన పిమ్మట, 2013లో మైక్రోసాఫ్టువారు ఎక్స్‌బాక్స్ వన్ అను తమ క్రొత్త పెట్టెయందు పాత డిస్కుల అమ్మకమునకు నిబంధనలు పెట్టబోయి, ఆడువారి నిరసనకు తలయొగ్గి ఆ జూను మాసముననే విరమించుకొనిరి. పిల్లలకు ఆట కొనిపెట్టు తల్లిదండ్రులు ఈ భేదమును గుర్తుంచుకొనవలెను. డిస్కు కొన్నచో కొంత ధనము మరల వచ్చును, దింపుకొన్నచో రాదు. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5లో డిస్కు దూర్చు చోటుగల రకము ప్లేస్టేషన్ 4 డిస్కులను చాలవరకు ఆడించును గనుక మా పాత డిస్కులకు ఇంకను గిరాకి కలదు.

అమ్మకమునకు ముందు మెత్తని కుంచెతో గాలిరంధ్రముల ధూళిని తీసితిమి. పెట్టెనుండి మా ఖాతాను తొలగించి, దానిని కొనిననాటి స్థితికి తెచ్చితిమి. ఇట్లు చేయక అమ్మువారు తమ పేరును, రహస్యపదములను, బ్యాంకుకార్డు వివరములను పరుల చేతికిచ్చిన వారగుదురు. ఈ పని ఫోనులకును ల్యాప్‌టాపులకును సమానముగా వర్తించును.

తరువాత వెల. పాతసామగ్రి కొను ఒక దుకాణమువారు అన్నిటికిని కలిపి 13,000 రూపాయలు ఇత్తుమనిరి. మా కుమారుడు కోపగించుకొనెను. మేము అతనికి కాగితముపై లెక్క చూపితిమి. దుకాణదారు దానిని బాగుచేయవలెను, ఎన్ని నెలలు దాచవలెనో తెలియదు, చెడినచో కొనినవానికి జవాబు చెప్పవలెను, అద్దె కట్టవలెను. అతడు తక్కువ యిచ్చుట మోసము కాదు. మన శ్రమను తాను పుచ్చుకొని, ఆ శ్రమ వెలను మననుండి తీసికొనుచున్నాడు. ఆ శ్రమ మనమే చేసినచో ఆ వెల మనది. కావున మేమే అమ్మదలచి పాతవస్తువుల యాపునందు ప్రకటన వేసితిమి.

ప్రకటన వేసిన గంటకే ఒకడు ఫోను చేసెను. బేరమాడలేదు, వస్తువును గూర్చి యొక్క ప్రశ్నయు వేయలేదు. “పైకము ఇప్పుడే పంపెదను, నేను పంపు క్యూఆర్ కోడును స్కాను చేసి మీ పిన్ను నొక్కుడు” అనెను. మా కుమారుడు నవ్వి ఫోను పెట్టివేసెను. యూ.పీ.ఐ. విధానము 2016లో మన దేశమున ప్రారంభమైనది. అందు పిన్ను పైకము చెల్లించుటకే గాని పుచ్చుకొనుటకు ఎన్నడును అక్కరలేదు. పుచ్చుకొనుటకు పిన్ను నొక్కుమనువాడు నిశ్చయముగా వంచకుడు. ఇట్టి మోసమున చిక్కినవారు ఆలస్యము చేయక 1930 అను సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు చేయవలెను. విద్యార్థులు ఈ సంగతిని తమ తాతలకును అవ్వలకును చెప్పుదురుగాక. మోసగాండ్రు వెదకునది వారినే.

నాలుగవ దినమున యోగ్యుడైన కొనుగోలుదారు దొరకెను. మా పట్టణమునకు ముప్పది మైళ్ల దూరపు గ్రామమున ఆటో నడుపుకొను ఒక తండ్రి. ఏడవ తరగతి చదువు తన కుమారునికి మాట యిచ్చియున్నాడట. పెట్టె, రెండు కంట్రోలర్లు, నాలుగు డిస్కులు కలిపి 19,500 రూపాయలకు ఫోనుమీద బేరము కుదిరినది.

ఇచట ఒక చిక్కు కలదు. రెండు కంట్రోలర్లలో నొకదాని యెడమ పుల్ల తనంత తానే కదలుచున్నట్లు తెరపై కనబడును. చేయి తాకకున్నను ఆటలోని మనిషి మెల్లగా ఎడమకు జరుగును. దీని కారణమును మా కుమారుడు విప్పి తెలిసికొనెను. ఆ పుల్ల క్రింద రెండు చిన్న నిరోధకములుండును. పుల్లను త్రిప్పినప్పుడు ఒక లోహపు నాలుక కర్బనపు పట్టీపై జరుగును. అది యెచట నిలిచినదో దానినిబట్టి యంత్రము దిక్కును తెలిసికొనును. ఏండ్ల తరబడి బొటనవ్రేళ్లు త్రిప్పగా పట్టీ అరుగును, ధూళి చేరును. అప్పుడు నాలుక నడుమనే నిలిచినను, యంత్రమునకు ప్రక్కకు జరిగినట్లు తోచును. ఈ యరుగుదల లేకుండుటకై అయస్కాంతముతో పనిచేయు హాల్ సెన్సారు పుల్లలను ఇటీవల కొందరు వాడుచున్నారు. మాది పాతరకము. ఈ లోపము పెట్టెను తెరచి పదినిమిషములు ఆడినగాని కానరాదు.

ముందురాత్రి మా కుమారుడు “వారు చూచుకొందురు. అడిగినచో చెప్పుదము” అనెను. అతని తలంపును మేము గ్రహించితిమి. లెక్కలో ప్రతి వేయి రూపాయలును కంప్యూటరులో నొక భాగము. మేము ఆజ్ఞాపింపలేదు. “నీవు కొనబోవు కంప్యూటరులో ఒక భాగము చెడియున్నదని అమ్మువాడు ఎరిగియు చెప్పకుండినచో అతనిని ఏమందువు?” అని మాత్రము అడిగితిమి. అతడు జవాబు చెప్పక పండుకొనెను. మరునాడు ఆ తండ్రీకొడుకులు బస్సు దిగి మా యింటికి వచ్చిరి. మంచినీళ్లు త్రాగి కూర్చుండగానే, పెట్టెను తెరువకముందే, మా కుమారుడు చెడిన కంట్రోలరును చేతికిచ్చి దాని లోపమును తానే చూపెను. ఆ బాలుడు తెరపై మనిషి తనంత తాను నడచిపోవుట చూచి పకపక నవ్వెను. తండ్రి నవ్వలేదు. కొంతసేపు ఆలోచించి, “సార్, పదునైదు వందలు తగ్గింతురా?” అని అడిగెను. న్యాయమైన మాట గనుక ఒప్పుకొంటిమి. పుల్ల కొద్దిపాటి కదలికను లెక్కచేయకుండునట్లు కొన్ని ఆటలలో అమర్చుకొను వీలు కలదు. మా కుమారుడు ఆ బాలునికి దానినికూడ నేర్పి పంపెను. మైన్‌క్రాఫ్టు డిస్కు వారు తీసికొనిన నాలుగింటిలో నొకటి. మా కుమార్తె దానిని తుడిచి తానే ఆ బాలుని చేతికిచ్చెను.

ఆ రాత్రి ఒకరికొకరము చూపుకొనిన లెక్క యిది. పెట్టెకు 18,000. మిగిలిన ఏడు డిస్కులకు, వేర్వేరు వారినుండి, 3,900. హెడ్‌సెట్టుకు 900. మొత్తము 22,800 రూపాయలు. కూడబెట్టిన 12,000తో కలిపి 34,800. ల్యాప్‌టాపునకు ఇంకను 7,200 తక్కువ. నిజము చెప్పక యుండినను 5,700 తక్కువయే. అనగా సత్యము వలన కంప్యూటరు పోలేదు, ల్యాప్‌టాపు అను ఆకారము మాత్రమే పోయినది. ఈ లెక్కను మా కుమారుడే చేసి చూపెను. తరువాత అతడే, “బల్లమీది కంప్యూటరును భాగములుగా కొని కూర్చుకొందము. తెరకు బదులు మన టెలివిజను కలదు గదా” అనెను.

మేము ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువునప్పుడు వారమునకు ఒక గంట కంప్యూటరు తరగతి. యంత్రమునకు నలుగురము. ఒకరు నొక్కుచుండగా ముగ్గురము చూచుచుంటిమి. కంప్యూటరు లోపల ఏమున్నదో మేము ఆనాడు చూడలేదు, ఈ జూనులో చూచితిమి. సికింద్రాబాదులో ప్యారడైజు సమీపమున చినాయ్ ట్రేడ్ సెంటరు అను కంప్యూటరు బజారు కలదు. అచటికి తండ్రీకొడుకులము బస్సులో పోయి నాలుగైదు దుకాణములలో వెలలు వ్రాసికొని, భాగములు కొంటిమి: ఆరు కోరుల ప్రాసెసరు, దానికి తగిన మదరుబోర్డు, 16 జీబీ ర్యాము, 512 జీబీ ఎస్.ఎస్.డీ., విద్యుత్తు సరఫరా పెట్టె, క్యాబినెట్టు, కీబోర్డు, మౌసు, కరెంటు పోయినప్పుడు ఆదుకొను యూ.పీ.ఎస్. అన్నియు 31,000 రూపాయలైనవి. ఆ సంవత్సరాంతమునకే ర్యాము వెలలు లోకమంతటను విపరీతముగా పెరిగినవి గనుక జూనులోనే కొనుట మేలైనది. విండోసుకు వేరుగా వెల చెల్లింపక, ఉచితముగా లభించు ఉబుంటు లినక్సును ఎక్కించితిమి. మిగిలిన 3,800 రూపాయలను తెర కొనుటకై మా భార్య దాచియుంచెను.

ఇంటికి వచ్చి భాగములను కూర్చునప్పుడు చెల్లెలు దీపము పట్టుకొని యుండెను. ప్రాసెసరును గూటిలో నుంచినది ఆమెయే. మొదటిమారు మీట నొక్కగా ఏమియు జరుగలేదు. ర్యామును పూర్తిగా దిగనొక్కి మరల ప్రయత్నింపగా తెరపై అక్షరములు వచ్చెను. ఆ క్షణమున మా యిద్దరు పిల్లలును చేసిన కేక ప్రక్కయింటివారిని గుమ్మమునకు రప్పించెను.

గోడకు ఒక పట్టిక తగిలించితిమి. సాయంకాలము ఆరునుండి ఏడున్నరవరకు చెల్లెలు, తరువాత అన్న. ఆమె ఆ వేళలయందు చేయునది చదువరులు ఊహించియుందురు. లువాంటి అను ఉచిత కార్యక్రమము కలదు. 2010లో మైన్‌టెస్టు అను పేర మొదలై, 2024లో పేరు మార్చుకొన్నది. అదియు ఘనముల లోకమే. కాని దానిలోపలి వ్రాత యంతయు అందరికిని తెరచియుండును. లూవా అను ప్రోగ్రాము భాషలో, అనగా 1993లో బ్రెజిలు దేశపు విశ్వవిద్యాలయమున పుట్టిన భాషలో, మనకు కావలసిన వస్తువులను మనమే వ్రాసి చేర్చుకొనవచ్చును. ఆమె తన 38 పుటలను ఎదుట నుంచుకొని గ్రామమును మరల కట్టుచున్నది. మొదట ఘనములను ఒక్కొక్కటిగా పేర్చెను. రెండునెలలైన పిమ్మట, ఒకే కొలతగల పండ్రెండిండ్లను పండ్రెండుమార్లు కట్టనేల యని అన్న సహాయమున చిన్న ప్రోగ్రాము వ్రాసెను. కొలత చెప్పినచో ఇల్లు లేచును. పాత పెట్టెలో ఆమె గ్రామమున నివసించినది. ఇప్పుడు గ్రామమును వ్రాయుచున్నది. దానిని కడ్డీలోనికి తీసికొని ఎచటికైనను పోవచ్చును, ఏ కంప్యూటరునందైనను తెరువవచ్చును.

పాత ల్యాప్‌టాపును, దాని ఉబ్బిన బ్యాటరీని పాతసామానువానికి ఇయ్యలేదు. ఐక్యరాజ్యసమితివారి నివేదిక ప్రకారము 2022లో లోకమున పోగైన విద్యుత్పరికరముల చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులు. అందు క్రమమైన పద్ధతిలో సేకరింపబడి పునరుపయోగమునకు పోయినది 22.3 శాతమే. మిగిలినదానిలో ఎంతో భాగము కాల్చబడి, పూడ్చబడి, నీటిలోనికిని గాలిలోనికిని విషముగా చేరును. ఉబ్బిన లిథియము బ్యాటరీ గ్రుచ్చుకొన్నచో మంటలు లేచును. కావున మేము అట్టి చెత్తను సేకరించు అనుమతిగల కేంద్రమునకే దానిని చేర్చితిమి. అమ్ముడుపోగల వస్తువు వాడుకలోనున్న చేతికి పోవుట మేలు, పోజాలనిది సరియైన చోటికి పోవుట మేలు. మూలనుండి ధూళి త్రాగుట దేనికిని మేలు కాదు.

విద్యార్థులారా! మీ యొద్దను వాడక విడిచిన ఆటవస్తువు లుండవచ్చును. వానిని అమ్మదలచినచో ముందు ఇంటిలో అందరి భాగమును విచారింపుడు, పిదప వెలను విచారింపుడు. దోషమును కొనువాడు కనుగొనకముందే మీరు చెప్పుడు. దానివలన తగ్గునది కొంత పైకము, నిలుచునది మీ మాట. తల్లిదండ్రులారా! మీ పిల్లల ఆటను తృణీకరింపక ముందు, వారు అందులో ఏమి కట్టుచున్నారో ఒక్కసారి కూర్చుండి చూడుడు. ఆటలో కట్టగలిగిన చేయి, పలక దొరకినచో వ్రాయను గలదు. ఆ పలకను వారికి సమకూర్చుట మన పని. అందుపై ఏమి వ్రాయవలెనో నిర్ణయించుకొనుట వారి పని.

మా కుమార్తె గ్రామమున గిలకబావి యింకను పూర్తికాలేదు. గిలక నిజముగా తిరుగవలెనని ఆమె పట్టుదల. అందుకు వలసిన నాలుగు పంక్తులు ఆమెకు ఇంకను లొంగలేదు. ప్రతి సాయంకాలము ఆరుగంటలకు మరల మొదలిడుచున్నది.